ఇంట్లో పగడాల తొట్టె – 3వ పాఠం: ఉప్పునీరు కలపడం, సైకిల్ పూర్తిచేయడం

గత పాఠం ముగిసేసరికి తొట్టెను మట్టం చూసి స్టాండు మీద పెట్టాం. సంప్ (తొట్టె కింద ఉండే రెండో నీటి తొట్టె), దాని నుంచి నీటిని పైకి పంపే రిటర్న్ పంపు, పైపులు బిగించాం. మంచినీళ్లు నింపి, లీకులు లేవని తేల్చుకుని తోడేశాం. ఈ పాఠంలో రెండు పనులు: సరైన ఉప్పునీరు తయారుచేయడం, ఆ నీటిలో అమ్మోనియాను తినే బ్యాక్టీరియాను పెంచడం (దీన్నే సైకిల్ అంటాం). మొదటిది ఒక రోజు పని. రెండోదానికి రెండు వారాలు పట్టొచ్చు, ఆరు వారాలూ పట్టొచ్చు. చేపను ఎప్పుడు వేయాలో చెప్పాల్సింది క్యాలెండరు కాదు, టెస్టు కిట్టు. ఈ పాఠం మొత్తంలో గట్టిగా పట్టుకోవాల్సింది ఇదే.

ముందు నీటి కొలత

లెక్కలన్నిటికీ 90 × 50 × 50 సెం.మీ. తొట్టెను ఉదాహరణగా తీసుకుందాం. కాగితం మీద అది 225 లీటర్లు. గాజు మందం, పైన వదిలే 3 సెం.మీ. ఖాళీ, రాళ్లూ ఇసుకా ఆక్రమించే చోటు తీసేస్తే 170 లీటర్ల దగ్గర తేలుతుంది. సంప్‌లో 30 లీటర్లు కలిపితే మొత్తం 200. మీ తొట్టెకైతే ఇలా ఊహించకండి. నింపేటప్పుడు ఎన్ని బకెట్లు పోశారో లెక్కపెట్టి రాసుకోండి. ఇకముందు వేసే ప్రతి మోతాదూ ఈ అంకె మీదే ఆధారపడుతుంది.

నీరు ఆర్‌ఓ తరువాత, మిగిలిన లవణాలను పట్టేసే డీఐ రెజిన్ గుండా కూడా వచ్చినదై ఉండాలి. టీడీఎస్ (నీటిలో కరిగి ఉన్న పదార్థాల మొత్తం) మీటరులో 0 చూపాలి. ఇకముందు ఆర్‌ఓ నీరు అంటే ఈ నీరే. తాగునీటి ఆర్‌ఓ యంత్రం ఇక్కడ పనికిరాదు. దాని నీటిలో కొంత టీడీఎస్ మిగిలే ఉంటుంది, కొన్ని యంత్రాలైతే రుచికోసం ఖనిజాలను తిరిగి కలుపుతాయి కూడా. డీఐ తరువాత మీటరు 1 చూపిందంటే రెజిన్ మార్చే వేళయిందని అర్థం. అయిపోవస్తున్న రెజిన్‌ను ముందుగా తప్పించుకొచ్చేది సిలికా. నెల తరువాత గాజు మీద గోధుమరంగు పొర దట్టంగా కట్టడానికి తరచూ ఇదే కారణం.

ఉప్పు కలపడం

లక్ష్యం 35 పీపీటీ (కిలో ఉప్పునీటిలో 35 గ్రాముల ఉప్పు). సాంద్రతలో చెప్పాలంటే 25 డిగ్రీల దగ్గర 1.026. వాడాల్సింది రీఫ్ (పగడాల తొట్టె) కోసం తయారుచేసిన ఉప్పు మిశ్రమమే. వంటుప్పులోగానీ రాళ్ల ఉప్పులోగానీ పగడాలకు కావాల్సిన కాల్షియం, మెగ్నీషియం, క్షారత (పీహెచ్ పడిపోకుండా ఆపే గుణం) ఆ పాళ్లలో ఉండవు. మిశ్రమంలో కొంత తేమ ఉంటుంది కాబట్టి లీటరుకు 35 గ్రాములు వేస్తే 35 పీపీటీ రాదు. చాలా రకాలకు 37, 38 గ్రాములు పడుతుంది. లీటరుకు 36తో మొదలుపెట్టి, కొలిచి, మిగతాది కలపండి. 200 లీటర్లకు ఏడున్నర కిలోలు దగ్గర పెట్టుకుంటే సరిపోతుంది. డబ్బా తెరిచే ముందు దాన్ని పక్కకు పడుకోబెట్టి నాలుగైదుసార్లు దొర్లించండి. రవాణాలో సన్నని పొడి అడుగుకు దిగి ఉంటుంది. కలపకుండా పైనుంచి తీస్తే ఒక్కో విడత ఒక్కోలా వస్తుంది.

డ్రమ్ములో ముందు నీళ్లు, అందులో నడిచే పంపు, ఆ తరువాతే ఉప్పు. ఈ వరుస మార్చకూడదు. ఉప్పు మీద నీళ్లు పోస్తే అడుగున చిక్కటి ద్రావణం తయారవుతుంది. అందులో కాల్షియం, కార్బొనేట్ ఒకదాన్నొకటి పట్టుకుని సున్నంలా విడిపోతాయి. నీరు తెల్లగా మసకబారుతుంది, డ్రమ్ము గోడలకు గరుకు పొర అంటుకుంటుంది. అలా విడిపోయినది ఎంతసేపు తిప్పినా మళ్లీ కరగదు. ఆ మేరకు క్షారతా కాల్షియమూ తగ్గిపోతాయి. వేడినీళ్లలో కలిపినా జరిగేది ఇదే. అందుకని ఉప్పు పూర్తిగా కరిగాకే హీటరు పెట్టాలి. అరకిలో చొప్పున, పంపు ధార పడేచోట, మునుపటిది కరిగాక తరువాతిది వేయండి.

వేయగానే కాస్త మసక రావడం మామూలే. కొన్ని రకాలు గంటలోనే తేటపడతాయి, కొన్నిటికి రాత్రంతా పడుతుంది. ఎంతసేపు తిప్పాలో ప్యాకెట్ మీద రాసి ఉంటుంది, దాన్ని పాటించండి. ఎక్కువసేపు తిప్పితే ఇంకా మంచిదన్న నమ్మకం అన్ని రకాలకూ వర్తించదు. కొన్ని రకాల్లో రోజుల తరబడి తిప్పేకొద్దీ సున్నం విడిపోతుంది.

మొదటిసారి కాబట్టి, రాళ్లూ ఇసుకా వేయకముందు నేరుగా తొట్టెలోనే కలుపుకోవచ్చు. జీవులు వచ్చాక మాత్రం ఎప్పుడూ విడిగా డ్రమ్ములోనే.

కొలిచేటప్పుడు జరిగే పొరపాటు

ఉప్పదనం కొలిచే రిఫ్రాక్టోమీటరును ఆర్‌ఓ నీటితో 0కు సరిచేసి వదిలేయడం చాలామంది చేసే పని. మనకు కావాల్సింది 35 దగ్గర కచ్చితత్వం. కాబట్టి 35 పీపీటీ ప్రామాణిక ద్రావణంతోనే సరిచేయాలి. మార్కెట్లో దొరికే చాలా పరికరాలు మామూలు ఉప్పు ద్రావణం కోసం గీసిన స్కేలుతో వస్తాయి. 0 దగ్గర సరిగా ఉన్నా 35 దగ్గర ఒకటిన్నర పీపీటీ వరకు తేడా చూపించగలవు.

గాజు పలక మీద రెండు మూడు చుక్కలు వేసి మూత మెల్లగా దించండి. బుడగ చిక్కితే తుడిచి మళ్లీ వేయండి. ముప్పై సెకన్లు ఆగితే చుక్క పరికరం వేడిమికి వస్తుంది. అప్పుడు వెలుతురు వైపు పెట్టి నీలం, తెలుపు కలిసే గీతను చదవండి. గీత మసకగా, వెడల్పుగా కనిపిస్తే నీరు పలకంతా పరుచుకోలేదన్నమాట. పని అయ్యాక ఆర్‌ఓ నీటితో తుడవకపోతే ఎండిన ఉప్పు మరుసటి రీడింగును పెంచేస్తుంది. ముల్లు లేచే రకం ప్లాస్టిక్ హైడ్రోమీటరు ఉన్నవాళ్లు ముల్లుకు అంటిన బుడగలను తట్టి రాల్చాలి. బుడగ ముల్లును పైకి లేపి లేని ఉప్పదనాన్ని చూపిస్తుంది.

సవరించే లెక్క ఇది. 200 లీటర్లు 33 చూపితే 2 పీపీటీ తక్కువ. 2 × 200 = 400 గ్రాములు, తేమకు కొంచెం కలిపి 430 గ్రాములు. అదే 37 చూపితే ఎక్కువైన 2ను 37తో భాగించండి: 0.054. అంటే 200 లీటర్లలో సుమారు 11 లీటర్లు తీసి అంతే ఆర్‌ఓ నీరు పోయాలి.

రాళ్లు, ఇసుక

200 లీటర్లకు 15–20 కిలోల బోలు రాళ్లు చాలు. వాటిని నేరుగా అడుగు గాజు మీద నిలబెట్టి ఆ తరువాతే చుట్టూ ఇసుక పోయండి. ఇసుక మీద రాళ్లు పేరిస్తే, తవ్వే చేపలూ రొయ్యలూ వచ్చాక కింద గుల్ల చేసి కుప్పను కూల్చేస్తాయి. అరగొనైట్ ఇసుక 3–4 సెం.మీ. మందం సరిపోతుంది. పొడి ఇసుకనైతే నీళ్లు తేటగా వచ్చేదాకా కడగాలి. బ్యాక్టీరియాతో తడిగా వచ్చే లైవ్ సాండ్‌ను మాత్రం కడగకూడదు. ఎంత కడిగినా రెండు రోజులు నీరు మబ్బుగా ఉంటుంది, కంగారు వద్దు.

సైకిల్

చేప మొప్పల నుంచి, మిగిలిన మేత కుళ్లడం నుంచి అమ్మోనియా పుడుతుంది. ఒక జాతి బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా, మరొకటి నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తుంది. ఇవి నీటిలో కన్నా రాళ్ల బొరియల్లో, ఇసుక రేణువుల మీద కాపురం పెడతాయి. కొత్త తొట్టెలో ఇవి దాదాపు ఉండవు. ముందే చేపను వేసి దాని వ్యర్థంతో సైకిల్ నడిపించడం పాత పద్ధతి. దాన్ని మేము సమర్థించం. పీహెచ్ 8.2 ఉన్న సముద్రపు నీటిలో అమ్మోనియాకున్న విషరూపం వాటా పీహెచ్ 7 మంచినీటిలో కన్నా పది రెట్లకు పైగా ఉంటుంది. చేప మొప్పలు కాలిపోతాయి. పచ్చి రొయ్యను కుళ్లబెట్టే పద్ధతిలో ప్రాణి బాధ లేదు, కానీ ఎంత అమ్మోనియా వచ్చిందో తెలియదు, పైగా ఫాస్ఫేట్ పెరుగుతుంది.

కొలిచి వేయడానికి స్వచ్ఛమైన అమ్మోనియం క్లోరైడ్ మంచిది. లీటరుకు 2 మి.గ్రా. అమ్మోనియా రావాలంటే 200 లీటర్లకు 1.25 గ్రాములు. గ్లాసు ఆర్‌ఓ నీటిలో కరిగించి పంపు ధారలో పోయండి. వెంటనే సీసాలో దొరికే నైట్రిఫైయింగ్ బ్యాక్టీరియా వేయండి, లేదా ఆరోగ్యంగా నడుస్తున్న తొట్టెలోంచి ఒక రాయి తెచ్చి పెట్టండి. లైట్లు ఆపండి. యూవీ దీపం, స్కిమ్మర్ (నురుగుతో వ్యర్థాన్ని తీసే పరికరం) మొదటి వారం వద్దు. నీరు 26 డిగ్రీలుండాలి, పంపులన్నీ తిరుగుతూనే ఉండాలి. ఈ బ్యాక్టీరియాకు ఆక్సిజన్ తప్పనిసరి.

రోజు విడిచి రోజు పరీక్షించండి. అమ్మోనియా 0.5 కన్నా తగ్గితే మళ్లీ 1.25 గ్రాములు. అంతకుముందే తొందరపడి వేయొద్దు. 5 మి.గ్రా. దాటితే బ్యాక్టీరియా ఎదుగుదలే మందగిస్తుంది.

ఇక్కడ లెక్క తెలిస్తే కిట్టు చెప్పేది అబద్ధమో నిజమో పట్టుకోవచ్చు. 2 మి.గ్రా. అమ్మోనియా పూర్తిగా మారితే దాదాపు 5.4 మి.గ్రా. నైట్రైట్, అది కూడా మారితే 7.3 మి.గ్రా. నైట్రేట్ అవుతుంది. మూడు మోతాదులు వేసినవారికి చివర్లో నైట్రేట్ 22 దగ్గర కనిపించాలి. మధ్యలోనే 80, 100 చూపిస్తే కిట్టును నమ్మకండి. నైట్రేట్ కిట్లు ముందు నైట్రేట్‌ను నైట్రైట్‌గా మార్చి దాని రంగును చూపిస్తాయి. నీటిలో ముందే ఉన్న నైట్రైట్ కూడా ఆ రంగులో కలిసిపోతుంది. నైట్రైట్ సున్నాకు వచ్చాకే నైట్రేట్ రీడింగుకు అర్థం ఉంటుంది. అప్పుడూ లెక్కకు మించి ఉంటే రాళ్లలో ఎండిపోయిన పాత జీవపదార్థం కుళ్లుతోందన్నమాట. నురుగు, వాసన ఆ మాటను రుజువుచేస్తాయి.

నైట్రైట్ వారాల తరబడి దిగకపోవడం మామూలే, రెండో జాతి బ్యాక్టీరియా నిదానంగా పెరుగుతుంది. మంచినీటి తొట్టెలు నడిపి వచ్చినవారికి నైట్రైట్ అంటే హడలు. సముద్రపు నీటిలోని క్లోరైడ్ దాన్ని మొప్పల దగ్గరే అడ్డుకుంటుంది కాబట్టి ఇక్కడ ఆ భయం అక్కర్లేదు.

సైకిల్ అడుగు ముందుకు పడకపోతే ముందు క్షారత చూడండి. ప్రతి 2 మి.గ్రా. మోతాదూ నైట్రేట్‌గా మారేలోపు 0.65 డీకేహెచ్ (క్షారత కొలమానం) దాకా తినేస్తుంది. 8 ఉండాల్సినది 6కు దిగితే పీహెచ్ కూడా పడిపోయి పని మందగిస్తుంది. 200 లీటర్లలో 1 డీకేహెచ్ పెంచడానికి 6 గ్రాముల వంటసోడా చాలు. రెండోది వేడిమి. మూడోది ఫాస్ఫేట్. పొడి రాళ్లు, శుద్ధమైన నీరు, ఫాస్ఫేట్ తీసే మందు మూడూ కలిస్తే బ్యాక్టీరియాకు ఫాస్ఫరస్ దొరకదు. ఆ మందును తీసేసి చిటికెడు చేపమేత వేస్తే కదలిక వస్తుంది.

పూర్తయిందనడానికి గుర్తు ఒక్కటే: 2 మి.గ్రా. మోతాదు వేసిన 24 గంటల్లో అమ్మోనియా సున్నా కావాలి. వరుసగా రెండుసార్లు ఇలా జరిగితే నమ్మండి. కొన్ని కిట్లలో సున్నా దగ్గర కూడా లేతపచ్చ ఛాయ మిగులుతుంది. కొత్తగా కలిపిన ఉప్పునీటిని అదే కిట్టుతో పరీక్షించి పక్కపక్కన పెట్టి చూస్తే అనుమానం తీరుతుంది. ఆ తరువాత సగం నీరు మార్చండి.

ఆవిరయ్యే నీరు

నీరు ఆవిరవుతుంది, ఉప్పు అవదు. రోజుకు 4 లీటర్లు తగ్గితే 35 కాస్తా 35.7 అవుతుంది. తగ్గినదాని బదులు ఉప్పునీరే పోస్తూ పోతే వారం తిరిగేసరికి 40కి చేరుకుంటుంది. నింపాల్సింది ఆర్‌ఓ నీరే. మట్టం తగ్గేది సంప్‌లో రిటర్న్ పంపు ఉన్న అరలోనే కాబట్టి అక్కడ గీత గీసుకుని రోజూ దానిదాకా నింపండి. ఆటో టాప్‌ఆఫ్ (తగ్గిన నీటిని తానే నింపే పరికరం) పెట్టుకునే స్తోమత ఉంటే స్కిమ్మర్ కన్నా ముందు అదే కొనమంటాం.

వచ్చే పాఠంలో లైట్లు, గాజు మీద కట్టే గోధుమరంగు పొర, మొదటి చేప.

అభ్యాసం

ఒకటి: 180 లీటర్ల తొట్టె 36.5 చూపుతోంది. ఎంత నీరు మార్చాలి?
రెండు: 200 లీటర్లలో నాలుగు మోతాదులు వేశారు. నైట్రేట్ 60, నైట్రైట్ కిట్టు ముదురు రంగులో ఉంది. నీరు మార్చాలా?
మూడు: 200 లీటర్లలో మూడు మోతాదులయ్యాక క్షారత 8.5 నుంచి 6.5కు దిగింది. ఉప్పు మంచిది కాదా?

జవాబులు: ఒకటికి, 1.5ను 36.5తో భాగిస్తే 0.041, అంటే సుమారు 7.4 లీటర్లు. రెండుకు, నాలుగు మోతాదులకు నైట్రేట్ 29 దాటకూడదు. మిగతాది నైట్రైట్ కలిపిన రంగు కావచ్చు, ఆగి నైట్రైట్ పోయాక మళ్లీ కొలవండి. మూడుకు, మూడు మోతాదులకు తగ్గాల్సింది దాదాపు 2 డీకేహెచ్, సరిగ్గా అంతే తగ్గింది. ఉప్పులో లోపం లేదు. 12 గ్రాముల వంటసోడాను నీటిలో కరిగించి, రెండు రోజులకు పంచి, ధారలో పోయండి.