పాటల బొమ్మ మధ్యలో ఆగి మళ్లీ మొదటి నుంచి పాడుతోందా? సెల్లులు కొనే ముందు నల్ల తీగను చూడండి

చిన్నపిల్లల పియానో, మీట నొక్కితే ఆవులా అరిచే బొమ్మ, పాటలు పాడే ఆటఫోను... పేర్లు వేరైనా లోపలి సరుకు ఒకటే. రెండో మూడో పెన్సిల్ సెల్లులు, ఒక స్విచ్చు, అరచేతిలో సగం ఉండే బోర్డు, దాని మీద నల్లటి బొట్టులా అతికించిన చిప్పు, ఒక స్పీకరు, నాలుగు రంగుల లైట్లు. మేడారం జాతరలో కొన్నదైనా, హనుమకొండలో పెద్ద దుకాణంలో కొన్నదైనా మొరాయించే తీరులో పెద్ద తేడా ఉండదు.

"అన్నా, చిప్పు కాలిపోయినట్టుంది" అంటూ నా దగ్గరికి మరమ్మతుకు తెస్తారు. చిప్పు పోవడం చాలా అరుదు. సెల్లులు బయటికి తీసి స్ప్రింగుల అడుగున ఒకసారి చూశారా అని అడిగితే మాత్రం జవాబు రాదు. దయచేసి చూడండి. అర నిమిషం పని. ఆ చూపుతోనే సగం బొమ్మల జబ్బు తేలిపోతుంది.

అసలు పలకడం లేదు

కొత్త బొమ్మ అయితే సెల్లుకూ రేకుకూ మధ్య కంపెనీవాళ్లు పెట్టిన ప్లాస్టిక్ పట్టీ ఇంకా అక్కడే ఉండవచ్చు, లాగేయండి. పాతదైతే సెల్లులన్నీ ఒకేసారి మార్చండి. ఒకటి కొత్తది, రెండు పాతవి కలిపి వేయడం ఇళ్లలో మామూలైపోయింది. అలా వేస్తే పాత సెల్లు ముందుగా ఖాళీ అవుతుంది, మిగతావి దానిలోంచి ఎదురు దిశలో కరెంటును తోస్తాయి, అప్పుడే అది కారడం మొదలవుతుంది. డబ్బు ఆదా అయిందనుకున్న చోటే బొమ్మ పాడవుతుంది.

"ఈ సెల్లులు టీవీ రిమోట్‌లో పనిచేస్తున్నాయి కదా" అన్న మాట కూడా చాలా వింటాను. రిమోట్‌కు, గోడ గడియారానికి చాలా కొద్ది కరెంటు చాలు. స్పీకరు మోగించి లైట్లు వెలిగించే బొమ్మకు అది చాలదు. రిమోట్‌లో పనిచేసే సెల్లు బొమ్మలో చచ్చినట్టు పడి ఉండటం వింతేమీ కాదు.

రెండు ముక్కలు పాడి ఊరుకుంటోంది

ఇది చాలాసార్లు రోగమే కాదు. దుకాణంలో నొక్కి చూసేందుకు వీలుగా కొన్ని బొమ్మలను నమూనా స్థితిలో ఉంచి పంపుతారు. సెల్లుల గదిలోనో, బొమ్మ అడుగునో చిన్న స్విచ్చు ఉంటుంది. దాన్ని మామూలు స్థితికి జరిపితే పూర్తి పాటలు వస్తాయి.

పాట మధ్యలో తెగి, మళ్లీ మొదటి నుంచి మొదలవుతోంది

నేను ఇదంతా రాయడానికి కారణం ఈ లక్షణమే. బొమ్మ వేయగానే పలకరింపు సంగీతం చక్కగా వస్తుంది. పాట మొదలవుతుంది. గట్టి దరువు వచ్చే చోట లైట్లు ఒక్కసారి మసకబారి అంతా ఆగిపోతుంది. క్షణం తర్వాత మళ్లీ పలకరింపు సంగీతం, మళ్లీ అదే పాట, మళ్లీ అదే చోట తెగడం. శబ్దం తగ్గిస్తే పాట చివరిదాకా పాడుతుంది, పెంచితే తెగుతుంది. కొన్నిటిలో పాట సాగదీసినట్టు బొంగురుగా వస్తుంది.

ఇంట్లోవాళ్లు కొత్త సెల్లులు వేస్తారు, గుణం కనిపించదు. ఇంకా ఖరీదైనవి వేస్తారు, అప్పుడూ అంతే. మరమ్మతు తెలిసినవాళ్లు కూడా వోల్టులు కొలిచే మీటరు (మల్టీమీటరు) పెట్టి చూస్తారు. మూడు కొత్త ఆల్కలైన్ సెల్లులకు బోర్డు దగ్గర నాలుగున్నర వోల్టులకు పైనే కనిపిస్తుంది. "కరెంటు సరిగానే వస్తోంది, చిప్పు పోయింది" అని తేల్చేస్తారు. మంచి బొమ్మ చెత్తబుట్టలో పడేది ఈ మాటతోనే.

మీటరు చూపిన అంకె నిజమే. బొమ్మ ఊరికే ఉన్నప్పుడు తీసిన అంకె కావడమే చిక్కు. మీటరు తన కోసం తీసుకునే కరెంటు లెక్కలోకి రానంత తక్కువ. కుళాయి కట్టి ఉన్నంతసేపు పైపులో ఎంత పూడిక ఉన్నా ఒత్తిడి నిండుగానే ఉంటుంది, తిప్పితేనే ధార సన్నబడుతుంది. ఇక్కడా అంతే. తీగలో ఎక్కడో 10 ఓముల అడ్డు పడిందనుకోండి. బొమ్మ గట్టిగా పాడుతూ 150 మిల్లీ ఆంపియర్లు లాగితే ఆ ఒక్క చోటే ఒకటిన్నర వోల్టు పోతుంది. నాలుగున్నరకు మిగిలేది మూడే. దరువు పడ్డప్పుడు అది ఇంకా దిగుతుంది. చిప్పుకు చాలినంత అందక అది ఆగి మళ్లీ మొదలవుతుంది. ఆగగానే స్పీకరు లాగడం మానేస్తుంది, వోల్టేజీ తిరిగి పైకి లేస్తుంది, పలకరింపు సంగీతం వస్తుంది. ఆ తిరుగుడు అలా సాగుతూనే ఉంటుంది.

ఇంతకీ అడ్డు ఎక్కడ? చాలావరకు నల్ల తీగలో, అంటే సెల్లుల మైనస్ స్ప్రింగు నుంచి బోర్డుకు వెళ్లే తీగలో. పెద్దపిల్ల ఆడి వదిలేసిన బొమ్మను సెల్లులు తీయకుండా సజ్జ మీద పెడతారు. మన వైపు ఎండాకాలం సజ్జ మీద వేడి ఎలా ఉంటుందో చెప్పనక్కర్లేదు. సెల్లు మెల్లగా కారుతుంది. రెండేళ్లకు చిన్నవాడి కోసం దింపి, తెల్లటి పొడి కనిపిస్తే గుడ్డతో తుడిచేసి కొత్త సెల్లులు వేస్తారు. పైకి స్ప్రింగు మెరుస్తూనే ఉంటుంది. ఆల్కలైన్ సెల్లు నుంచి కారే పొటాషియం హైడ్రాక్సైడ్‌కు మైనస్ లోహం వెంబడి పాకే గుణం ఉంది. స్ప్రింగు అడుగుకు, అక్కడి సోల్డరింగుకు, ఆపైన తీగ తొడుగు లోపలికి చేరుతుంది. బయటికి ఏమీ కనిపించదు.

నర్సంపేట నుంచి వచ్చిన ఒక పియానో సరిగ్గా ఇలాంటిదే. సెల్లులు కొత్తవి, స్ప్రింగులు శుభ్రం. పాట మోగుతుండగా సెల్లుల దగ్గర 4.4, బోర్డు దగ్గర మూడుకు లోపే. నల్ల తీగ తొడుగును వేలి గోరంత చీల్చితే ఎర్రగా మెరవాల్సిన రాగి పోగులు బొగ్గులా నల్లగా ఉన్నాయి, మధ్యలో తెల్లటి నలుసు. రెండు వేళ్లతో వంచగానే పోగులు పుటుక్కున తెగాయి. తీగ మార్చాక అదే చిప్పు, అదే స్పీకరు పూర్తి గొంతుతో పాడాయి.

పట్టుకునే పద్ధతి ఇది. మీటరును 20 వోల్టుల డీసీ మీద పెట్టండి. బొమ్మను పూర్తి శబ్దంలో పాడించండి. పాడుతుండగానే మొదట సెల్లుల కొసల మీద, తర్వాత బోర్డు మీద కొలవండి. తేడా ఎక్కువగా ఉంటే ఒక కొసను చివరి సెల్లు మైనస్ రేకు మీద, రెండోదాన్ని బోర్డు మీద నల్ల తీగ అతికిన చోట పెట్టండి. అక్కడ దాదాపు సున్నా రావాలి. అర వోల్టు, ఒక వోల్టు కనిపిస్తే దొంగ దొరికినట్టే. ప్లస్ వైపూ, సెల్లులను కలిపే రేకుల దగ్గరా, స్విచ్చు రెండు కాళ్ల మధ్యా ఇలాగే చూడండి. మీటరు లేకపోతే ఒక తీగ ముక్కను సెల్లు మైనస్ కొస నుంచి నేరుగా బోర్డుకు ఆనించండి. పాట ఆగకుండా సాగితే కారణం తేలిపోయింది.

ఇక బాగుచేయడం. తీగను ముక్కలు కలపకండి, పూర్తిగా మార్చండి. నల్లబడిన రాగికి సోల్డరు అంటదు, అంటినట్టు కనిపించినా నిలవదు. పాత సోల్డరు తీసేసి, తెల్ల పొడిని నిమ్మరసమో వెనిగరో అద్దిన ఇయర్ బడ్డుతో తుడవండి. కొద్దిగా పొంగుతుంది, అది పొంగడం ఆగేదాకా తుడవాలి. తర్వాత తడిగుడ్డతో నిమ్మరసం పోయేలా తుడిచి పూర్తిగా ఆరనివ్వండి. ఆ పొడి చర్మానికీ కళ్లకూ మంచిది కాదు, పిల్లలను దగ్గరికి రానివ్వవద్దు. కారింది చవక జింక్-కార్బన్ సెల్లు అయితే దాని రసం ఆమ్ల గుణం కలది, దానికి నిమ్మరసం బదులు వంటసోడా నీళ్లు వాడండి.

స్ప్రింగును గరుకు కాగితంతో రుద్దే అలవాటు మానుకోవాలి. రుద్దితే మెరుస్తుంది కానీ పైనున్న నికెల్ పూత పోయి లోపలి ఇనుము బయటపడుతుంది, వానాకాలం వచ్చేసరికి తుప్పు పడుతుంది. పూత పోయిన స్ప్రింగును మార్చడమే మేలు. పాడైన రిమోట్‌లోదో, పాత గడియారంలోదో సరిపోతుంది.

స్విచ్చు దగ్గర అడ్డు దొరికితే కాంటాక్ట్ క్లీనర్ (స్విచ్చుల లోపలి మురికి పోగొట్టే స్ప్రే) కొట్టి అటూ ఇటూ బాగా జరపండి, చాలావరకు తేరుకుంటుంది.

రీచార్జి సెల్లులు వాడేవారికి ఒక మాట. అవి ఒక్కొక్కటి 1.2 వోల్టులే, మూడు కలిపితే 3.6. కొన్ని బొమ్మలకు అది అంచుమీద ఉంటుంది కాబట్టి ఇవే లక్షణాలు చూపిస్తాయి. మామూలు సెల్లులు వేసి చూశాకే తీగ జోలికి వెళ్లండి. పెన్సిల్ సెల్లు కొలతలోనే 3.7 వోల్టుల లిథియం సెల్లులు కూడా దొరుకుతాయి. వాటిని బొమ్మలో వేశారంటే అప్పుడు నిజంగానే చిప్పు కాలిపోతుంది.

ఒకటి రెండు మీటలు పలకడం లేదు, లేదా బొమ్మ తనంతట తనే పాడుతోంది

బిస్కెట్టు పొడి, పాలు, పండ్లరసం. మీటల కింది రబ్బరు పొరకున్న నల్లటి బొడిపెలనూ, బోర్డు మీద వాటి కింది గీతలనూ ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన దూదితో తుడిస్తే చాలు. గట్టిగా రుద్దకండి.

లైట్లు వెలుగుతున్నాయి, శబ్దం లేదు

బొమ్మ కింద పడ్డప్పుడు స్పీకరు తీగ ఊడి ఉంటుంది, అతికించండి. అతికే ఉంటే ఒక పెన్సిల్ సెల్లును స్పీకరు కాళ్లకు క్షణం ఆనించి చూడండి. టక్కుమంటే స్పీకరు బాగుంది. మూగగా ఉంటే అదే కొలత, అదే 8 ఓముల స్పీకరు తెచ్చి మార్చండి.

ఇవన్నీ చూశాక కూడా పలకకపోతే కెపాసిటరో, నల్లబొట్టు కింది చిప్పో పోయి ఉండవచ్చు. ఆ చిప్పును మార్చడం కుదరదు. దాని మీద సమయం పెట్టకండి, స్పీకరూ స్ప్రింగులూ తీసి దాచుకోండి.

మూత బిగించేటప్పుడు స్క్రూ తప్పనిసరి. ఎలక్ట్రిక్ బొమ్మల భద్రతకు ఐఎస్ 15644 ప్రమాణం ఉంది. 2021 జనవరి 1 నుంచి మన దేశంలో బొమ్మలకు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. సెల్లుల మూతకు స్క్రూ పెట్టేది పిల్లల చేతికి సెల్లు అందకూడదనే. స్క్రూ అరిగిపోతే టేపు చుట్టి ఇవ్వకుండా కొత్తది వేయండి. గుండ్రటి బిళ్ల సెల్లులున్న చిన్న బొమ్మల విషయంలో ఇది మరీ ముఖ్యం. బిళ్ల సెల్లు గొంతులో ఇరుక్కుంటే రెండు గంటల్లోనే అన్నవాహికను కాల్చేయగలదు. బిడ్డ మింగిందన్న అనుమానం వచ్చినా చాలు, వాంతి చేయించే ప్రయత్నం చేయకుండా, తెల్లారేదాకా ఆగకుండా, వరంగల్ ఎంజీఎం ఆసుపత్రికో దగ్గరలో ఉన్న పెద్ద ఆసుపత్రికో తీసుకెళ్లి ఎక్స్‌రే తీయించండి. అదే రకం సెల్లు ఇంట్లో ఇంకొకటి ఉంటే డాక్టరుకు చూపించడానికి వెంట తీసుకెళ్లండి.