బోరు నీళ్ల బాత్రూంకు టవల్ రాడ్ కొనేటప్పుడు

నల్లగొండ, దేవరకొండ దిక్కు ఉప్పు బోరు నీళ్లు వాడే ఇండ్లల్ల టవల్ రాడ్‌కు తుప్పు ఎక్కువగా మొదలయ్యేది పైపు నడుమ కాదు, గోడకు బిగించిన స్క్రూల దగ్గర. రాడ్ స్టీలే అయినా, డబ్బాలో ఇచ్చే స్క్రూలు చాలాసార్లు జింక్ పూత పూసిన ఇనుపవి ఉంటయ్. అయస్కాంతం ఆనించి చూడండి. గట్టిగా అతుక్కుంటే వాటిని పక్కన పెట్టి, 304 స్టీల్ (తుప్పును బాగా తట్టుకునే స్టెయిన్‌లెస్ స్టీల్ గ్రేడు) స్క్రూలు విడిగా తీసుకోండి.

రాడ్ విషయంలో మాత్రం అయస్కాంతాన్ని నమ్మొద్దు, తుప్పును అంతగా తట్టుకోని చవక 202 గ్రేడు స్టీల్‌కు కూడా అది పెద్దగా అంటదు. 304లో నికెల్ సుమారు 8 శాతం, 202లో 4 నుంచి 6. ఈ తేడా కంటికి కనబడదు, అందుకే బిల్లు మీద ‘304 గ్రేడ్’ అని రాయించుకోవాలె. క్రోమ్ పూత వేసిన ఇనుప రాడ్ ఎంత మెరిసినా వద్దు. ఒక్క గీత పడితే చాలు, లోపల తుప్పు పట్టి పూత పొక్కులు లేస్తది.

బాత్రూం యాసిడ్‌తో కడుగుతారా? దాని ఆవిరికి 304 మీద కూడా గోధుమ రంగు మచ్చలొస్తయ్. కిటికీ తెరిచి కడగండి, అయినంక రాడ్‌ను ఫిల్టర్ నీళ్లలో తడిపిన గుడ్డతో తుడిచి, వెంటనే పొడిగుడ్డ పెట్టండి.