లక్షన్నరలో గేమింగ్ కంప్యూటర్: ఓరుగల్లు ఎండకు, కరెంటుకు తగిన భాగాల ఎంపిక

కొటేషన్ కోసం హనుమకొండ చౌరస్తా చుట్టుపక్కల దుకాణాలకు వెళ్లే ముందు ఇంట్లోనే తేల్చుకోవలసిన విషయం ఒకటుంది. మీరు ఏ ఆటలు, ఎలాంటి మానిటర్ మీద ఆడబోతున్నారు? ఫుల్ హెచ్‌డీ తెర మీద 20,73,600 పిక్సెళ్లుంటాయి. 1440పీ తెర మీద 36,86,400, 4కే తెర మీద 82,94,400 ఉంటాయి. ప్రతి ఫ్రేములోనూ (తెర మీద మారే ఒక్కో బొమ్మలోనూ) వీటన్నింటినీ గీయవలసింది గ్రాఫిక్స్ కార్డే కాబట్టి, ఫుల్ హెచ్‌డీ నుంచి 4కేకు మారినవారి కార్డు మీద నాలుగు రెట్ల పిక్సెళ్ల భారం పడుతుంది. మానిటర్‌ను మినహాయించి లక్షన్నర ఖర్చు పెట్టగలవారికి 27 అంగుళాల, 165 హెర్ట్జ్‌కు (సెకనుకు తెర మారే సార్లు) తగ్గని 1440పీ ఐపీఎస్ (పక్క నుంచి చూసినా రంగులు అంతగా మారని తెర) మానిటర్ సరైన జోడీ అని నా అభిప్రాయం. ఆ సొమ్ముతో 4కే జోలికి వెళితే కొత్తగా వచ్చే పెద్ద ఆటల్లో సెట్టింగులు తగ్గించుకుంటూ పోవలసి వస్తుంది.

మానిటర్ ఖాయమైతే కార్డు ఎంపిక సగం పూర్తయినట్టే. మొత్తం బడ్జెట్‌లో 40 నుంచి 45 శాతం, అంటే 60 నుంచి 67 వేల వరకు కార్డుకే కేటాయించండి. సైబర్‌పంక్ 2077 వంటి ఆటల్లో ఫ్రేముల సంఖ్యను నిర్ణయించేది ప్రధానంగా అదే. 2025 మార్చిలో మార్కెట్లోకి వచ్చిన రెండు కార్డులను ఈ స్థాయిలో పక్కపక్కన పెట్టి చూడాలి. ఎన్విడియా ఆర్‌టీఎక్స్ 5070లో 12 జీబీ మెమరీ ఉంది, అది 250 వాట్ల కార్డు. ఏఎండీ ఆర్‌ఎక్స్ 9070 ఎక్స్‌టీలో 16 జీబీ మెమరీ ఉంది, అది 304 వాట్లు తీసుకుంటుంది. ఆటలతో పాటు బ్లెండర్‌లో 3డీ బొమ్మలు తయారు చేయడం వంటి పనులు చేసుకునేవారికి ఎన్విడియా కార్డు ఎక్కువ ఉపయోగపడుతుంది. కేవలం ఆటల కోసమే అయితే, కార్డును నాలుగైదేళ్లు వాడాలనుకునేవారు మెమరీ ఎక్కువున్న దానివైపే మొగ్గాలి. మెమరీ చాలనప్పుడు సగటు ఫ్రేములు బాగానే కనిపించినా ఆట మధ్యలో తెర ఉన్నట్టుండి తడబడుతుంది, ఆ తడబాటు సగటుల పట్టికలో కనిపించదు. ఇదే కారణంతో ఆర్‌టీఎక్స్ 5060 టీఐ కొనేవారు కూడా 8 జీబీ రకాన్ని వదిలేసి 16 జీబీ రకాన్నే అడిగి తీసుకోవాలి. పెట్టె మీద పేరు రెండింటికీ ఒకటే కాబట్టి బిల్లులో మెమరీ ఎంతో రాయించుకోండి.

ప్రాసెసర్ విషయంలో చాలామంది అవసరానికి మించి ఖర్చు పెడుతున్నారు. 1440పీ తెర మీద భారమంతా కార్డు మీదే ఉంటుంది కనుక, 6 కోర్ల రైజెన్ 5 7600 ఈ స్థాయి కార్డును వెనక్కి లాగదు. పైగా దానికి కూలర్ పెట్టెలోనే వస్తుంది. వాలొరెంట్, కౌంటర్ స్ట్రైక్ 2 వంటి పోటీ ఆటల్లో సెకనుకు 300 ఫ్రేములు కావాలనుకునేవారి సంగతి వేరు. వారికి 96 ఎంబీ ఎల్3 క్యాషే (ప్రాసెసర్ లోపలి వేగవంతమైన మెమరీ) ఉన్న రైజెన్ 7 7800ఎక్స్3డీ మీద పెట్టిన డబ్బు వృథా కాదు. నేను ఈ ప్రాసెసర్లు కూర్చునే ఏఎమ్5 (బోర్డు మీది ప్రాసెసర్ గూడు రకం) సాకెట్‌నే సూచించడానికి ఒక కారణం ఉంది. ఏఎండీ ఇంతకుముందటి ఏఎమ్4 సాకెట్‌లో, 2017లో వచ్చిన బి350 బోర్డు కొన్నవారు కూడా బయోస్ (బోర్డును మొదట నడిపించే ప్రోగ్రాం) అప్‌డేట్ చేసుకుని 2022లో వచ్చిన 5800ఎక్స్3డీ ప్రాసెసర్‌ను అదే బోర్డులో బిగించుకోగలిగారు. 2022లో మొదలైన ఏఎమ్5కు 2027 వరకు, ఆపై కూడా మద్దతు ఉంటుందని ఆ సంస్థ ప్రకటించింది. మదర్‌బోర్డు విషయానికొస్తే, బి650 చాలు. ఎక్స్670 బోర్డు తీసుకున్నంత మాత్రాన ఆటలో ఒక్క ఫ్రేము కూడా పెరగదు. ప్రాసెసర్ లేకుండానే బయోస్ మార్చగలిగే ఫ్లాష్‌బ్యాక్ బటన్ ఉన్న బోర్డును ఎంచుకోవడం మాత్రం మంచిది, ఎందుకంటే పాత స్టాకు బి650 బోర్డులో రైజెన్ 9000 సిరీస్ ప్రాసెసర్ పెడితే బయోస్ మార్చేదాకా తెర వెలగకపోవచ్చు.

సెకండ్ హ్యాండ్‌లో ఇంటెల్ 13, 14 తరాల ఐ7, ఐ9 ప్రాసెసర్లు చవకగా దొరుకుతాయి. వాటిలో వోల్టేజీ లోపం వల్ల చిప్ క్రమంగా దెబ్బతింటోందని 2024లో తేలింది. ఇంటెల్ మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి ప్రోగ్రాం) సవరణలు విడుదల చేసి, వారంటీని రెండేళ్లు పొడిగించింది. సవరణ రాకముందు ఎంతకాలం వాడారో తెలియని ప్రాసెసర్‌ను కొనకపోవడమే క్షేమం.

ర్యామ్ ధరలు 2025 చివరి నుంచి బాగా పెరిగాయి కాబట్టి ఇక్కడ కొంత నొప్పి తప్పదు. అయినా 16 జీబీ స్టిక్కులు రెండు, డీడీఆర్5 6000 వేగం, సీఎల్30 (స్పందనలో ఆలస్యాన్ని చెప్పే అంకె) అన్నది రైజెన్‌కు సరిపడే కొలత. డబ్బు చాలకపోతే 8 జీబీ స్టిక్కులు రెండు తీసుకోండి, అంతేకానీ ఒకే స్టిక్కుతో సరిపెట్టవద్దు. తర్వాత మరో రెండు కలిపి నాలుగు చేయవచ్చనీ అనుకోవద్దు, డీడీఆర్5లో నాలుగు స్టిక్కులు పెడితే వేగం తగ్గించవలసి వస్తుంది. స్టోరేజీకి 1 టీబీ జెన్4 (నాలుగో తరం) ఎన్‌విఎంఈ చాలు. జెన్5కు పెట్టే అదనపు డబ్బు ఆటలో కనిపించదు.

ఇక మన ప్రాంతంలో అన్నిటికంటే నిర్లక్ష్యానికి గురయ్యే భాగం, గోడ కరెంటును కంప్యూటర్‌కు తగినట్టు మార్చి ఇచ్చే ఎస్‌ఎంపీఎస్. నా మొదటి కంప్యూటర్‌కు క్యాబినెట్‌తో పాటు ఉచితంగా ఇచ్చిన ఎస్‌ఎంపీఎస్‌నే బిగించారు. ఒక మే నెల సాయంత్రం గాలిదుమారానికి కరెంటు పోయి, వచ్చి, వెంటనే మళ్లీ పోయింది. మళ్లీ వచ్చినప్పుడు పవర్ బటన్ నొక్కితే ఫ్యాన్ సగం తిరిగి ఆగింది. ఎస్‌ఎంపీఎస్‌తో పాటు మదర్‌బోర్డు, కార్డు కూడా పోయాయి. విప్పి చూస్తే దాని స్టిక్కర్ మీద 200 నుంచి 240 వోల్టులని రాసి ఉంది. వేసవి రాత్రి వీధిలోని ఏసీలన్నీ ఒకేసారి నడిచినప్పుడు వోల్టేజీ అంతకంటే దిగువకు పడిపోవడం మనకు కొత్త కాదు. అందుకే స్టిక్కర్ మీద 100 నుంచి 240 వోల్టులని ఉన్నదాన్నే తీసుకోండి. 80 ప్లస్ గోల్డ్ ముద్ర కరెంటు ఎంత పొదుపుగా వాడుతుందో చెబుతుందే తప్ప రక్షణకు హామీ కాదు, కాబట్టి ముద్రతో పాటు తయారీదారు ఇచ్చే వారంటీ ఎన్నేళ్లో చూడాలి. ఏడేళ్లు, పదేళ్లు ఇచ్చేవి ఉన్నాయి.

వాట్ల లెక్క కష్టం కాదు. 9070 ఎక్స్‌టీ 304 వాట్లు, రైజెన్ 5 7600 పూర్తి భారంలో సుమారు 90 వాట్లు, బోర్డు, ఫ్యాన్లు, ఎస్‌ఎస్‌డీ కలిపి మరో 50 నుంచి 60 వాట్లు తీసుకుంటే మొత్తం సుమారు 450 అవుతుంది. కార్డు క్షణకాలం అంతకు మించి గుంజుతుంది కనుక 750 వాట్లది తీసుకోవాలి. ఇదే లెక్క యూపీఎస్‌కూ వర్తిస్తుంది. దుకాణంలో అలవాటుగా చేతికిచ్చే 600 వీఏ యూపీఎస్ మోయగలిగేది సాధారణంగా 360 వాట్లే, అందువల్ల ఆట మధ్యలో కరెంటు పోతే కంప్యూటరూ దాంతో పాటే పోతుంది. కనీసం 600 వాట్లు ఇవ్వగల యూపీఎస్ కావాలి. ఇంట్లో ఉన్న ఇన్వర్టర్ మీదే నడుపుకుందామనుకునేవారు అది ప్యూర్ సైన్ వేవ్ రకమో కాదో ముందు చూసుకోవాలి. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద మంచి ఎస్‌ఎంపీఎస్‌లు కొన్ని ఉన్నట్టుండి ఆగిపోతాయి. ఎర్తింగ్ మాట కూడా ఇక్కడే చెప్పాలి. క్యాబినెట్ వెనుక స్క్రూ మీద వేలు పెడితే జుమ్మని లాగుతోందంటే ఆ సాకెట్‌కు ఎర్తింగ్ సరిగా లేదని అర్థం. ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి అది సరిచేయించిన తర్వాతే కొత్త కంప్యూటర్ ప్లగ్గు పెట్టండి.

ఎండ సంగతి తేలిగ్గా తీసుకోకూడదు. గది ఎంత వేడెక్కితే లోపలి భాగాలూ దాదాపు అంతే వేడెక్కుతాయి. 25 డిగ్రీల గదిలో 70 వద్ద నిలిచే కార్డు, మే మధ్యాహ్నం స్లాబు కింది పైఅంతస్తు గదిలో 38 డిగ్రీలున్నప్పుడు 83 చేరుతుంది. రామగుండం, మంచిర్యాల వైపు ఉండేవారికి ఈ తేడా ఇంకా ఎక్కువ. మా మేనల్లుడి క్యాబినెట్‌కు ముందువైపు నిండు గాజు పలక, దాని వెనుక రంగురంగుల లైట్ల ఫ్యాన్లు మూడు ఉండేవి. ఆట నడుస్తుండగా పక్క తలుపు తీసి చూస్తే రెండు నిమిషాల్లో కార్డు ఉష్ణోగ్రత 9 డిగ్రీలు దిగింది. అంటే ఆ ఫ్యాన్లకు లోపలికి తీసుకోవడానికి గాలే అందడం లేదు. ముందువైపు జాలీ ఉండి, రెండు ఫ్యాన్లు గాలిని లోపలికి, వెనుక ఒకటి బయటికి పంపే సాదా క్యాబినెట్ లైట్లున్న దానికంటే తక్కువ ధరకే వస్తుంది, మిగిలిన డబ్బు ఎస్‌ఎంపీఎస్‌కు ఉపయోగపడుతుంది. దుమ్ము ఫిల్టర్ చేత్తో ఊడివచ్చేలా ఉండాలి. పత్తి సీజన్‌లో ఎనుమాముల మార్కెట్ పరిసరాల్లో ఉండేవారు ఆ ఫిల్టర్‌ను పదిహేను రోజులకోసారి తీసి చూడండి, దూది పీచు దాని మీద పొరలా అంటుకుని ఉంటుంది. కార్డు పొడవును కూడా టేపుతో కొలుచుకోండి. 330 మిల్లీమీటర్ల కార్డుకు 360 మిల్లీమీటర్ల చోటున్న క్యాబినెట్ సరిపోతుంది కానీ, ముందువైపు లిక్విడ్ కూలర్ రేడియేటర్, ఫ్యాన్లు బిగిస్తే సుమారు 52 మిల్లీమీటర్లు వాటికే పోయి కార్డు పట్టదు. ఈ బడ్జెట్‌లో లిక్విడ్ కూలర్ అవసరమూ లేదు.

కొనుగోలు ఎక్కడ చేయాలన్నది తర్వాతి ప్రశ్న. కాజీపేటలో పొద్దున రైలెక్కితే సుమారు 130 కిలోమీటర్ల దూరంలో ఉన్న సికింద్రాబాద్‌లో దిగి, చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో నాలుగు దుకాణాల ధరలు పోల్చుకుని సాయంత్రానికి ఇల్లు చేరవచ్చు. హనుమకొండలోనే కొంటే ధర కొంత ఎక్కువైనా, పాడైన భాగాన్ని సర్వీస్ సెంటర్‌కు పంపే భారం దుకాణదారు తీసుకుంటాడా అన్నది అడిగి నిర్ణయించుకోండి. కార్డు, ఎస్‌ఎంపీఎస్ విషయంలో నేను ఆ సౌకర్యానికే విలువ ఇస్తాను. కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్ కుటుంబాల్లో గల్ఫ్ నుంచి వచ్చే బంధువు చేత కార్డు తెప్పించుకోవడం మామూలే. అయితే ఆ కార్డు వారంటీ భారత్‌లో చెల్లుతుందో లేదో ఆ తయారీదారు నిబంధనల్లో చూసి, కస్టమ్స్ సుంకం కూడా లెక్కలో కలుపుకున్నాకే అది నిజంగా చవకో కాదో తేలుతుంది.

ఎక్కడ కొన్నా జీఎస్టీ బిల్లు తీసుకోండి, ప్రతి భాగం సీరియల్ నంబరు అందులో ఉండేలా చూడండి. ఏఎమ్5 బోర్డుల్లో పిన్నులు ప్రాసెసర్‌కు కాకుండా బోర్డు సాకెట్‌లోనే ఉంటాయి, అవి 1,718. ఒక్కటి వంగినా వారంటీ ఇవ్వరు. కాబట్టి కౌంటర్ మీదే పెట్టె తెరిపించి, ఫోన్ టార్చిని ఏటవాలుగా పట్టి చూడండి. పిన్నులన్నీ ఒకే దిశలో, ఒకే మెరుపుతో వరుసగా కనిపించాలి. వంగిన పిన్ను ఆ వరుసలో చిన్న నీడలా తేలిపోతుంది.

బిగింపు పూర్తయ్యాక చూసుకోవలసినవి కొన్ని ఉన్నాయి, ఇవి తప్పితే పెట్టిన డబ్బులో కొంత నిద్రపోతూనే ఉంటుంది. ర్యామ్ స్టిక్కులు ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెడితే రెండో, నాలుగో గాడుల్లో ఉండాలి, బయోస్‌లో ఎక్స్‌పో (ర్యామ్‌ను దాని పూర్తి వేగంతో నడిపే సెట్టింగు) ఆన్ చేస్తేనే 6000 వేగం వస్తుంది. మానిటర్ కేబుల్ మదర్‌బోర్డుకు కాక కార్డుకు తగిలించాలి. మా మేనల్లుడు 165 హెర్ట్జ్ మానిటర్‌ను విండోస్ డిస్‌ప్లే సెట్టింగుల్లో 60 దగ్గరే ఉంచి ఆరు నెలలు ఆడాడు, అమర్చిన దుకాణంలో ఎవరూ అది మార్చలేదు. ఆ తర్వాత మీరు ఆడే ఆటల్లో అన్నిటికంటే బరువైనదాన్ని మధ్యాహ్నం రెండు గంటల వేళ అరగంట నడిపి ఉష్ణోగ్రతలు రాసుకోండి. కార్డు 80 డిగ్రీలు దాటితే దాని పవర్ లిమిట్ (అది గుంజగల వాట్ల పరిమితి)‌ను 85 శాతానికి తగ్గించి మళ్లీ చూడండి, ఫ్రేములు కొద్ది శాతమే తగ్గుతాయి, వేడి మాత్రం స్పష్టంగా దిగుతుంది. పెట్టెలన్నీ వారంటీ గడువు దాకా అటక మీద ఉంచండి. బిల్లు నున్నటి థర్మల్ కాగితం మీద ఇచ్చి ఉంటే ఆ రోజే ఫోటో తీసి పెట్టుకోండి, మన వేసవికి ఆ అక్షరాలు ఏడాది తిరిగేలోపే మాసిపోతాయి.