సెలవుల్లో పిల్లలతో వంట: పెరుగు, వెన్న, గవ్వలు, పూతరేకులు

పిల్లలకు వంటింట్లో నిజమైన పని ఇవ్వండి. చిన్న గిన్నెలో కాస్త పిండి పడేసి, ఆడుకున్నాక చెత్తబుట్టలో వేసేది పని కాదు. వాళ్ళు చేసింది ఆ రోజు ఇంట్లో అందరి కంచాల్లోకీ రావాలి. మా మనవరాలికి తొమ్మిదేళ్ళు, మనవడికి ఐదేళ్ళు. వేసవి సెలవులకు హైదరాబాద్ నుంచి కాకినాడలో మా ఇంటికి వస్తారు. తాతయ్య గవ్వలు తింటుంటే వాడు పక్కనే కూర్చుని, ఏ గవ్వ తను చేసిందో, ఏది అక్క చేసిందో చూపిస్తుంటాడు. ఆ ముఖం చూడ్డానికైనా వంటిల్లు కాస్త చిందరవందర కానివ్వొచ్చు.

మా ఇంట్లో పద్ధతి ఒకటే. పొయ్యి నాది, చేతిపని వాళ్ళది. అందుకే చేతిపని ఎక్కువ, మంటతో పని తక్కువ ఉన్న వంటలే ఎంచుకుంటాను. పిల్లల్ని స్టూలు ఎక్కించి గట్టు దగ్గర నిలబెట్టను. హాల్లో చాప వేసి, మధ్యలో పెద్ద పళ్ళెం పెట్టి అందరం కిందే కూర్చుంటాం. పడిపోతారన్న భయం ఉండదు, పిండి ఒలికినా చాప దులుపుకుంటే సరిపోతుంది. గోళ్ళు కత్తిరించి, జుట్టు ముడివేసి, సబ్బుతో చేతులు కడిగించాకే మొదలు. కత్తిపీట ఆ రోజుకు అటక మీదకు వెళ్ళిపోతుంది. పచ్చిమిరపకాయలు వాళ్ళ చేతికి ఇవ్వను. ఒకవేళ ముట్టుకుంటే ముందు నూనె రాసి, తర్వాత సబ్బుతో కడగండి. ఆ కారం ఉత్త నీళ్ళకు పోదు.

మొదటి రోజు పెరుగు తోడేయడంతో మొదలుపెట్టండి. ఇందులో వంట కన్నా చూడాల్సిందే ఎక్కువ, పిల్లలకు బాగా నచ్చేది కూడా అదే. నాలుగు గ్లాసులు తీసుకోండి. మొదటి దాంట్లో గోరువెచ్చని పాలు, అంటే వేలు పెడితే హాయిగా ఉండేంత వేడి. రెండో దాంట్లో అప్పుడే పొంగిన పాలు, ఇవి మీరే పోయాలి. మూడో దాంట్లో ఫ్రిజ్‌లోంచి తీసిన చల్లటి పాలు. ఈ మూడింట్లో అర చెంచా చొప్పున తోడు వేసి పిల్లల్నే కలపమనండి. నాలుగో దాంట్లో గోరువెచ్చని పాలే, కానీ తోడు ఉండదు. గ్లాసులకు చిట్టీలు రాసి అంటించడం పెద్దపిల్ల పని. చల్లటి పాల గ్లాసు మళ్ళీ ఫ్రిజ్‌లోకే వెళ్ళాలి, తక్కిన మూడూ గట్టు మీద ఒక మూల ఉండాలి.

ఏది పెరుగవుతుందో ముందే ఊహించి కాగితం మీద రాయమనండి. గంటకోసారి చూడొచ్చు, కదపకూడదు. ఐదేళ్ళ వాడికి అసలు కష్టమంతా ఇక్కడే! మా ఊళ్ళో మే నెలలో టిఫిన్ అయ్యాక తోడేస్తే మధ్యాహ్నం భోజనానికి గడ్డ పెరుగు సిద్ధం. డిసెంబరులో అయితే రాత్రంతా పడుతుంది. మొదటి గ్లాసు తోడుకుంటుంది. మరిగే పాలు పోసింది పెరుగవదు, అక్కడక్కడా విరిగినట్టు పలుకులు కనిపించొచ్చు. ఫ్రిజ్‌లోది పాలలాగే ఉంటుంది. తోడు వేయనిదీ పెరుగు కాదు.

ఎందుకని అడుగుతారు. అడిగేదాకా ఆగండి, ముందే చెప్పేయకండి. తోడులో కంటికి కనపడని బ్యాక్టీరియా ఉంటుంది. అది పాలలోని చక్కెరను తిని పులుపును తయారుచేస్తుంది, ఆ పులుపుకు పాలు గడ్డకడతాయి. దానికి 40 డిగ్రీలు దాటీదాటని వెచ్చదనం కావాలి. మరిగే పాలలో చచ్చిపోతుంది, చల్లటి పాలలో పని చేయకుండా పడి ఉంటుంది. మా మనవరాలు ఇదంతా విని, ‘మరి ఫ్రిజ్‌లోది బయట పెడితే తోడుకుంటుందా అమ్మమ్మా?’ అంది. పెట్టి చూడమన్నాను, రాత్రికి తోడుకుంది. మరిగే పాలదీ, తోడు లేనిదీ మాత్రం పూటంతా బయట ఉన్న పాలు కాబట్టి తాగించకుండా పారబోయండి. అందుకే గ్లాసులు చిన్నవి పెట్టుకోవడం మంచిది.

పెరుగు నుంచి వెన్నకు వెళ్ళడం తేలిక. వారం రోజులు పాల మీగడ డీప్ ఫ్రిజ్‌లో దాచి, ముందు రోజు రాత్రి బయట పెట్టి చెంచా పెరుగుతో తోడేయండి. తోడుకున్నాక ఓ గంట ఫ్రిజ్‌లో ఉంచి చల్లబరచండి. మూత గట్టిగా బిగిసే ప్లాస్టిక్ డబ్బాలో సగం దాకా పోసి, కొంచెం ఐసు నీళ్ళు కలిపి పిల్లల చేతికివ్వండి. గాజు సీసా వద్దు, తడి చేతుల్లోంచి జారుతుంది. వంతులవారీగా ఊపాలి. చెవి దగ్గర పెట్టుకుని వినమనండి. మొదట గలగలమంటుంది. కాసేపటికి చప్పుడే ఉండదు, లోపలిది నురగలా చిక్కబడిపోతుంది. పిల్లలు అలిసిపోయి ఇక రాదనుకునేది అక్కడే. ఇంకాస్త ఊపమనండి. ఉన్నట్టుండి లోపల గుబుక్కుమని ముద్ద తగులుతుంది. మీగడలోని కొవ్వు చిన్న చిన్న బొట్లుగా, ఒక్కొక్కటీ ఒక పలచటి పొరలో ఉంటుంది. ఊపిన కొద్దీ ఆ పొరలు చిరిగి కొవ్వంతా ఒక్కటవుతుంది. ఎండాకాలం ఐసు నీళ్ళు లేకపోతే వెన్న ముద్దకట్టదు, జారిపోతుంది.

ఆ ముద్దను చన్నీళ్ళలో కడిగి వేడి పెసరట్టు మీద వేసి పెట్టండి. మిగిలిన మజ్జిగలో ఉప్పు, దంచిన అల్లం, కరివేపాకు వేయమనండి, కరివేపాకు తుంచడం చిన్నవాడి పని.

గవ్వలకు మాత్రం సగం రోజు కేటాయించాలి. హడావిడి ఉన్న రోజు అసలు పెట్టుకోవద్దు. మైదా ఒక కప్పు, గోధుమపిండి ఒక కప్పు, బొంబాయి రవ్వ రెండు చెంచాలు, కరిగించిన వెన్న రెండు పెద్ద చెంచాలు, చిటికెడు ఉప్పు. ముందు పొడిపిండికి వెన్న పట్టేలా రెండు అరచేతులతో రుద్దమనండి. గుప్పిట్లోకి తీసుకుని నొక్కితే ముద్దగా నిలవాలి, అప్పుడే గవ్వ గుల్లగా వస్తుంది. తర్వాత నీళ్ళు కొద్దికొద్దిగా చల్లుతూ పూరీ పిండి కన్నా కాస్త మెత్తగా కలిపి, తడిగుడ్డ కప్పి అరగంట వదిలేయండి. పచ్చి పిండి నోట్లో పెట్టుకుంటారు, చూస్తూ ఉండండి. కడుపునొప్పి వస్తుంది.

ఇక చుట్టడం. శనగగింజ కన్నా కొంచెం పెద్ద ఉండలు చేసి, గవ్వల చెక్క మీద పెట్టి బొటనవేలితో నొక్కుతూ ముందుకు జార్చాలి. గీతలు పడుతూ అదే చుట్టుకుంటుంది. చెక్క లేకపోతే కొత్త దువ్వెన కడిగి వాడండి, ఫోర్కు వెనక వైపు కూడా పనికొస్తుంది. మాటలతో చెబితే రాదు. మీ బొటనవేలి మీద వాళ్ళ బొటనవేలు పెట్టించి రెండు మూడు చేయండి, ఆ నొక్కు ఎంతో చేతికి తెలిసిపోతుంది. చిన్నవాడివి గవ్వల్లా ఉండవు, గొంగళిపురుగుల్లా ఉంటాయి. ఉండనివ్వండి. వాళ్ళు అటు తిరగగానే తీసి మళ్ళీ చుట్టే పెద్దవాళ్ళున్నారు. పిల్లలు అది కనిపెడతారు, మర్నాడు పిలిస్తే రారు. లావుగా ఉన్నవి లోపల పచ్చిగా ఉండిపోతాయన్నది నిజమే. దానికి ఉపాయం ఉంది. సన్నవి ఒక పళ్ళెంలో, లావువి ఇంకో పళ్ళెంలో వేరు చేయమనండి. లావు వాటిని వేరే వాయిగా సన్నసెగ మీద ఎక్కువసేపు వేయిస్తే చక్కగా ఉడుకుతాయి.

వేయించేటప్పుడూ, పాకం పట్టేటప్పుడూ పిల్లలు వంటింటి గుమ్మం బయటే ఉండాలి. ఇక్కడ మొహమాటం లేదు, బతిమాలినా ఒప్పుకోవద్దు. మరిగే నీళ్ళు 100 డిగ్రీల దగ్గరే ఆగుతాయి. ఉండపాకం 110 దాటుతుంది, పైగా చర్మానికి అంటుకుని వదలదు. కానీ పాకం పరీక్ష వాళ్ళకే వదిలేయండి. కప్పుంపావు బెల్లం తురుము, పావు కప్పు నీళ్ళు పొయ్యి మీద పెట్టి, గుమ్మం దగ్గర పిల్లలకు చన్నీళ్ళ గిన్నె ఇవ్వండి. మధ్యమధ్యలో మీరే పాకం బొట్టు తెచ్చి ఆ నీళ్ళలో వేయండి. మొదట కరిగిపోతుంది, తర్వాత తీగలా సాగుతుంది, చివరికి వేళ్ళతో కూడదీస్తే ఉండవుతుంది. ‘ఉండ వచ్చింది’ అని వాళ్ళు అరిచాకే పొయ్యి ఆపేయాలి. యాలకుల పొడి వేసి, గవ్వలు పోసి గబగబా కలిపి పళ్ళెంలో పరచండి. పూర్తిగా చల్లారాక విడదీయడం మళ్ళీ వాళ్ళ పని. మూత బిగించి దాస్తే పది రోజులకు పైనే నిలవ ఉంటాయి, మిగిలితే.

పొయ్యితో బొత్తిగా పని లేనిది కావాలంటే పూతరేకులు. మా పక్కనున్న కోనసీమలోని ఆత్రేయపురం వీటికి పేరు, 2023లో జీఐ గుర్తింపు, అంటే ఇవి ఫలానా ఊరివని చట్టం ఇచ్చే గుర్తింపు కూడా వచ్చింది. రేకు తీయడం ఇంట్లో అయ్యే పని కాదు. బోర్లించిన కుండ కింద మంట పెట్టి, పలచటి బియ్యప్పిండి జావలో ముంచిన గుడ్డను కుండ మీద పరిచి లాగేవాళ్ళకు ఏళ్ళ అనుభవం ఉంటుంది. అక్కడి మనిషి చేత్తో తీసిన రేకు ఇది అని పిల్లలకు తప్పకుండా చెప్పండి. ఉత్త రేకులు విడిగా అమ్ముతారు, తెప్పించుకోండి. గట్టిగా పిండిన తడిగుడ్డతో రేకును అలా ఒత్తితే మెత్తబడుతుంది. మరీ తడి అయితే చిరిగిపోతుంది. దాని మీద కరిగిన నెయ్యి చిలకరించి, పంచదార పొడో బెల్లం పొడో చల్లి, పైన ఇంకో రేకు వేసి, రెండు పక్కలూ లోపలికి మడిచి చుట్టాలి. చిరిగిన రేకులు పారేయకండి, లోపలి పొరగా పెట్టించండి. తొమ్మిదేళ్ళ పిల్ల దీన్ని ఎంత నెమ్మదిగా, ఊపిరి బిగబట్టి చేస్తుందో చూడాలి. చిన్నవాడికి పొడి చల్లే పని చాలు.

పావుగంటలో అయిపోయేవీ ఉన్నాయి. పానకానికి బెల్లం నీళ్ళలో కరిగించి మిరియాలు, యాలకులు దంచి వేయడం, వడపప్పుకు పెసరపప్పు నానబెట్టడం, చిమ్మిలికి వేయించి చల్లార్చిన నువ్వుల్ని బెల్లంతో కలిపి రోట్లో దంచడం. రోలు ఉంటే చిమ్మిలి తప్పకుండా చేయించండి, దంచడమంటే పిల్లలకు పండగ. అయితే నాలుగేళ్ళ లోపు పిల్లలు పక్కనుంటే పల్లీలు గింజలుగా వాళ్ళకు అందనివ్వకండి, గొంతుకు అడ్డం పడతాయి.

పని అయ్యాక ఎత్తడం కూడా వాళ్ళతోనే. పిండి గిన్నె ఎండితే పెచ్చు కడుతుంది కాబట్టి వెంటనే నీళ్ళు పోయించండి. పాకం గిన్నెను ముట్టనివ్వకండి, చల్లారాక అందులో నీళ్ళు పోసి మీరే ఒకసారి మరగనిస్తే బెల్లమంతా వదిలిపోతుంది. చాప దులపడం, ప్లాస్టిక్ గిన్నెలు తోమడం పెద్దపిల్లకు, తడిగుడ్డతో నేల తుడవడం చిన్నవాడికి. వాడు తుడిచిన నేల మీద ఇంకా పిండి ఉంటే, ఇంకో తడిగుడ్డ తీసుకుని వాడి పక్కనే మీరూ కూర్చోండి.