పర్యాయపదాలు ఒకటి కావని తెలిసిన తరువాత

ఇంగ్లీషు పదాలను అర్థాలతో, పర్యాయపదాలతో కలిపి పట్టికలుగా బట్టీపట్టినంత కాలం, చదివేటప్పుడు తెలిసినట్టే ఉన్న మాట రాసేటప్పుడు తప్పుగా పడుతూ ఉండేది. పొదుపుగా జీవించే ఒక పెద్దాయనను మెచ్చుకుంటూ ‘స్టింజీ’ అని రాశాను. అది పిసినారిని నిందించే మాట, నాకు కావలసినది ‘ఫ్రూగల్’. ఆనాటి నుంచి ప్రతి పదానికీ నిర్వచనం పక్కనే అది మెప్పో నిందో గుర్తించి, నేను సొంతంగా కూర్చిన వాక్యం ఒకటి తప్పక రాసుకుంటున్నాను. ధాతువు తెలిస్తే పని ఇంకా తేలిక. మాట్లాడటమనే అర్థమున్న లాటిన్ ‘లోక్వీ’ నుంచి వాగ్ధాటిని చెప్పే ‘ఎలొక్వెంట్’, వాచాలతను చెప్పే ‘లొక్వేషస్’, స్వగతమనే ‘సొలిలొక్వీ’ మూడూ ఒకేసారి పట్టుబడ్డాయి. రాసుకున్నవాటిని మరునాడు, వారానికి, నెలకు పుస్తకం మూసి గుర్తుచేసుకుంటాను. తప్పిన పదాన్ని మళ్లీ మొదటి రోజు నుంచి మొదలుపెడతాను.