వినికిడి లోపం ఉన్నవారికి సదరం: నోటిఫికేషన్ పడకముందే తీసుకోండి

సదరం అంటే వైకల్యం ఎంత శాతమో డాక్టర్లు తేల్చి ఇచ్చే సర్టిఫికెట్. మన విజయనగరం, శ్రీకాకుళం వైపు మాత్రం అది పింఛను కాగితమే. నెలకు 6,000 రూపాయలు వస్తాయి కాబట్టి ఆ మాట తప్పేం కాదు. అయితే డిగ్రీ చదువుతూ గ్రూప్స్, సివిల్స్ మీద కన్నేసిన పిల్లలు "మేమేం పింఛను అడుగుతున్నామా" అని దీన్ని పట్టించుకోవడం లేదు. బొబ్బిలిలో మా చిన్నాన్న కూతురూ ఇలాగే ఊరుకుంది. నోటిఫికేషన్ పడ్డాక సదరం పరీక్ష స్లాటు కోసం పరుగులు పెట్టింది. చేతికి కాగితం వచ్చేసరికి గడువు దాటిపోయింది.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం 40 శాతం, ఆపైన వైకల్యం ఉంటేనే రిజర్వేషన్. ప్రభుత్వ ఉద్యోగాల్లో దివ్యాంగులకు 4 శాతం కేటాయిస్తే, అందులో 1 శాతం వినికిడి లోపం ఉన్నవారిది. ఉన్నత విద్యలో దివ్యాంగులందరికీ కలిపి 5 శాతం.

స్లాటు సచివాలయంలో గాని, మీసేవలో గాని బుక్ చేస్తారు. ఆధార్, ఫోన్ నంబరు చాలు. వెళ్లే ముందు ఆధార్‌లో పేరు, పుట్టిన తేదీ పదో తరగతి మెమోతో సరిపోయాయో లేదో చూసుకోండి. ఇంటిపేరులో ఒక్క అక్షరం తేడా ఉన్నా ఉద్యోగం దగ్గరకొచ్చాక అది పెద్ద తలనొప్పి.

ఏ ఆసుపత్రికి ఏ రోజు వెళ్లాలో రసీదులోనే ఉంటుంది. శ్రీకాకుళం సర్వజన ఆసుపత్రి పడితే ఆటోవాళ్లకు రిమ్స్ అని చెప్పండి, అలాగైతేనే తెలుస్తుంది. పాత రిపోర్టులన్నీ పట్టుకెళ్లండి. సైగలు తెలిసినవాళ్లు ఒకరు వెంట ఉండాలి. మేం వెళ్లిన చోట వినబడనివాళ్ల వరుసలో కూడా పేరు పెట్టి కేకేశారు మరి!

ముందు ఈఎన్‌టీ డాక్టరు చెవి చూస్తారు. తర్వాత చప్పుడు చొరబడని గదిలో వినికిడి మిషన్ తీసేసి, హెడ్‌ఫోన్ పెట్టి, ఒక్కో చెవికీ పరీక్ష చేస్తారు. శబ్దం వినబడితేనే సైగ చేయాలి. ఊహించి చేశారో, లెక్క తప్పుతుంది. చెప్పలేని చిన్నపిల్లలకు బెరా పరీక్ష ఉంటుంది, శబ్దానికి మెదడు స్పందిస్తోందో లేదో మిషనే చూసి చెబుతుంది. రెండు చెవుల్లోనూ 70 డెసిబెల్స్ నష్టం ఉంటే చట్టం చెవిటితనం అంటుంది, 60 నుంచి 70 మధ్య అయితే వినికిడి మందగింపు.

శాతం కట్టేటప్పుడు బాగున్న చెవికి అయిదు వంతులు, బాగోలేనిదానికి ఒక వంతు లెక్క. అందుకే ఒక చెవి పూర్తిగా పోయి, రెండోది బాగున్నవాళ్లకు 17 శాతం కూడా దాటదు. డాక్టర్ల మీద అలిగి లాభం లేదు. లెక్కే తప్పనిపిస్తే మాత్రం అప్పీలు చేసుకునే హక్కు చట్టంలో ఉంది.

సర్టిఫికెట్ వచ్చాక కేంద్రం వారి స్వావలంబన్ పోర్టల్‌లో యూడీఐడీ కార్డుకు, అంటే దివ్యాంగుల గుర్తింపు కార్డుకు, పెట్టుకోండి. 40 నుంచి 80 శాతం లోపు పసుపు గీత, 80, ఆపైన నీలం గీత. ఇది దేశమంతా చెల్లుతుంది.

ఇంత తిప్పట ఎందుకంటారా? 2023లో సారా సన్నీ అనే చెవిటి న్యాయవాది సైగల దుబాసీ సాయంతో సుప్రీంకోర్టులోనే నిలబడ్డారు. సివిల్స్ రాసే మన పిల్లలకూ వెసులుబాటు ఉంది. బడిలోనో కాలేజీలోనో రెండో, మూడో భాష నుంచి మినహాయింపు పొంది ఉంటే, మెయిన్స్‌లో భారతీయ భాష పేపరు తప్పనిసరి కాదు. ఆ మినహాయింపు ఇచ్చినట్టు బోర్డు కాగితం కావాలి. పదో తరగతిలో ఇచ్చిన ఆ కాగితం ఇంట్లో ఏ ట్రంకుపెట్టెలో ఉందో ఇవాళే వెతకండి.