కుటుంబ వ్యాపారంలో గొడవ ఎక్కడ పుట్టింది? సమస్యలు, కారణాలు, పరిష్కారాలు

కుటుంబ వ్యాపారంలో గొడవ పుట్టే చోటు ఒకటి, బయటపడే చోటు ఇంకొకటి. జీతం దగ్గర మొదలైన మాట అరగంట తిరిగేసరికి చిన్నప్పుడు ఎవరిని బాగా చదివించారు అన్నదాని మీదకి వెళ్తుంది. అందుకే ఏ సమస్య వచ్చినా ముందు ఒక సంగతి తేల్చుకోవాలి: ఈ మాట అడిగే మనిషి ఏ హోదాలో అడుగుతున్నాడు? ఇంటి మనిషిగానా, వాటాదారుగానా, అక్కడ పనిచేసేవాడిగానా?

1978లో హార్వర్డ్ బిజినెస్ స్కూల్‌లో రెనాటో టాగియూరి, జాన్ డేవిస్ తయారుచేసిన మూడు వృత్తాల బొమ్మకి ఆధారం ఇదే. కుటుంబం ఒక వృత్తం, వాటాదారులు ఒకటి, వ్యాపారంలో పనిచేసేవాళ్లు ఒకటి. మూడూ కొంత కొంత కలిసేలా గీస్తే ఏడు గదులు వస్తాయి. వాటా ఉండి పనిచేయని చెల్లెలు ఒక గదిలో ఉంటుంది. పనిచేస్తున్నా వాటా లేని అల్లుడు ఇంకో గదిలో, ఇంటితో చుట్టరికం లేని మేనేజర్ మరో గదిలో ఉంటారు. ఒకే లెక్క ఈ ముగ్గురికీ మూడు రకాలుగా కనబడుతుంది, ఎవరి గది నుంచి చూస్తే వాళ్ల మాట న్యాయమే. మీ ఇంట్లో ప్రతి ఒక్కరి పేరూ ఏ గదిలో పడుతుందో ఒక కాగితం మీద రాసి చూడండి. కింద చెప్పబోయే సమస్యలకి ఆ కాగితం చాలా పనికొస్తుంది.

సమస్య 1: లెక్కల్లో లాభం ఉంది, బ్యాంకులో డబ్బు లేదు

ముందు రావాల్సిన బాకీలు, సరుకు నిల్వ చూడండి. ఏ వ్యాపారంలోనైనా డబ్బు ఎక్కువగా ఇరుక్కునేది అక్కడే. అవి సరిగ్గానే ఉంటే కారణం ఇంట్లో ఉంది. ఖాతా తెరిచి రెండు పద్దులు వరుసగా చదవండి: 'ఇతర ఖర్చులు', 'డైరెక్టర్ల అడ్వాన్సులు'. మొదటి దానిలో అమ్మాయి కాలేజీ ఫీజు, ఇంట్లో ఏసీ రిపేరు, పెళ్లికి వెళ్లిన కారు అద్దె దొరుకుతాయి. వీటివల్ల అసలు లాభం ఎంతో తెలియకుండా పోతుంది. రెండో దానిలో, ఎప్పుడో తీసుకుని ఎవరూ తిరిగి కట్టని మొత్తాలు ఉంటాయి. అవి ఖర్చు కింద రాయలేదు కాబట్టి లాభం అలాగే కనిపిస్తుంది, డబ్బు మాత్రం వెళ్లిపోయి ఉంటుంది.

పరిష్కారం: పనిచేసే ప్రతి ఒక్కరికీ నెలలో ఒకే తేదీన జీతం పడాలి, ఇంటి ఖర్చు ఆ జీతంలోంచే పోవాలి. పాత అడ్వాన్సులని పేరుపేరునా రాసి, అందరూ సంతకం పెట్టి, ఇకముందు వచ్చే డివిడెండ్ల నుంచి (వాటాదారులకి పంచే లాభం నుంచి) కోసుకోవాలని ఒప్పుకోండి. ఎంత వెనక్కి తవ్వాలి అంటారా? అందరూ కలిసి ఒక తేదీ అనుకుని, దానికి ముందున్న చిల్లర ఖర్చుల జోలికి పోకపోవడమే మంచిదని నా అభిప్రాయం. పదేళ్ల క్రితం ఎవరు ఎంత వాడుకున్నారో తేల్చాలని కూర్చుంటే డబ్బు రాదు, మాటలు పోతాయి.

సమస్య 2: 'అంతా వాళ్లే తింటున్నారు' అని ఒకరు, 'కష్టమంతా మాదే' అని ఇంకొకరు

కుటుంబాలు విడిపోయేది ఎక్కువగా ఈ గొడవ మీదే. కారణం, మూడు రకాల డబ్బు ఒకే సంచిలో కలిసిపోవడం: చేసిన పనికి జీతం, ఉన్న వాటాకి డివిడెండ్, అవసరంలో ఉన్నవాళ్లకి ఇంటి సాయం. 'అందరికీ సమానం' అని అన్నదమ్ములందరికీ ఒకే జీతం పెట్టడం కూడా ఈ కలగాపులగంలో భాగమే. వినడానికి బాగానే ఉంటుంది, కానీ పొద్దున్నించి రాత్రిదాకా పనిచేసేవాడికి నాలుగేళ్లలో విసుగు పుడుతుంది.

ఒక లెక్క చూద్దాం. అన్నకీ చెల్లెలికీ చెరి సగం వాటా, నడిపేది అన్న. అన్న జీతం తీయకముందు మిగులు 100. అన్న 60 తీసుకుంటాడు, మిగతా 40 వ్యాపారానికి కావాలని అట్టే పెడతారు, చెల్లెలికి సున్నా. ఇప్పుడు విడదీసి చూడండి. అదే పని బయటి మనిషి చేస్తే 20 ఇవ్వాల్సి వస్తుందనుకుందాం. అన్న జీతం 20, లాభం 80. లాభంలో 30 శాతం పంచాలని నియమం పెట్టుకుంటే 24, అంటే చెరి 12. పన్నుల సంగతి పక్కన పెడితే అన్నకి 32, చెల్లెలికి 12, వ్యాపారంలో మిగిలేది 56. అన్నకి తగ్గింది నిజమే, ఆ తగ్గింపు అతను తేలిగ్గా ఒప్పుకోడు. ఒకేసారి కాకుండా రెండు మూడేళ్లలో తగ్గించుకుంటూ రండి.

జీతం ఎంతో తీసుకునేవాళ్లే తేల్చకూడదు, జీతం తీసుకోని డైరెక్టర్లు తేల్చాలి. పంచే శాతం ఎంతన్నది మీ ఇష్టం. అయితే వ్యాపారం బాగున్న రోజుల్లోనే రాసుకోండి, అప్పుల వాయిదాలు కట్టాకే పంపకం అన్న షరతు కూడా చేర్చండి. పనిచేయని వాటాదారులకి మూడు నెలలకోసారి లెక్కలు పంపాలి, అడిగినా అడగకపోయినా. ఇంటి సాయానికి విడిగా ఒక నిధి పెట్టుకోండి, దాని సంగతి కుటుంబం చూసుకుంటుంది.

సమస్య 3: ఒకే పనికి రెండు ఆర్డర్లు

అన్న ఒకటి చెబుతాడు, తమ్ముడు ఇంకోటి చెబుతాడు, మేనేజర్ రెండూ చేయకుండా ఊరుకుంటాడు. కారణం, ఎవరి పరిధి ఏదో రాసి లేకపోవడం. కొనుగోళ్లు ఒకరికి, అమ్మకాలు ఒకరికి అని పంచి, ఎంత మొత్తం దాటితే ఇద్దరి సంతకం కావాలో రాసి, ఆ కాగితం స్టాఫ్‌కి కూడా ఇవ్వండి. తేడా వస్తే మీరిద్దరూ తలుపు వేసుకుని తేల్చుకోవాలి. మేనేజర్‌ని మధ్యవర్తిని చేయకండి.

సమస్య 4: పిల్లలు వచ్చారు, మంచి ఉద్యోగులు వెళ్లిపోతున్నారు

పదిహేనేళ్లుగా నమ్మకంగా పనిచేసిన మనిషి, నిన్న కాలేజీ అయిపోయి వచ్చిన అబ్బాయి కింద పనిచేయాల్సి వస్తే ఉండడు. ఇక్కడ కొడుకుగా దక్కిన స్థానం ఉద్యోగిగా సంపాదించిన స్థానంలా చెల్లుబాటు అవుతోంది.

పిల్లలు చిన్నగా ఉన్నప్పుడే నియమం పెట్టుకోవాలి. ముందు కొన్నేళ్లు బయట పనిచేసి, అక్కడ సొంతంగా ఒక ప్రమోషన్ తెచ్చుకోవాలి. ఇక్కడ ఖాళీ ఉంటేనే చేరాలి. మొదటి పై అధికారి చుట్టం కాని మనిషి అయ్యుండాలి. కూతురైనా కొడుకైనా అల్లుడైనా కోడలైనా ఒకే నియమం. ఆ పై అధికారి 'ఈ అబ్బాయి ఇంకా తయారవలేదు' అని రాస్తే, ఆ మాట రాసినందుకు అతని ఉద్యోగానికి ముప్పు రాకూడదు. ఇది లేకపోతే మిగతా నియమాలకి విలువ లేదు.

పగ్గాలు రక్తసంబంధానికే దక్కాలన్న పట్టుదల వదులుకున్న కుటుంబాలూ ఉన్నాయి. 1978లో సుజుకి మోటార్ అధ్యక్షుడైన ఒసాము సుజుకి పుట్టిన ఇంటి పేరు మత్సుదా. ఆయన సుజుకి ఇంటి అల్లుడై, దత్తతతో ఆ పేరు తీసుకున్నాడు. 1998లో డాబర్ కంపెనీ బర్మన్ కుటుంబం రోజువారీ నిర్వహణని బయటి నిపుణులకి అప్పగించింది. వాటాలు, బోర్డులో చోటు ఉంచుకుంది.

సమస్య 5: నాన్నగారు తప్పుకున్నారు, ఫైళ్లు మాత్రం ఆయన గదికే వెళ్తున్నాయి

దీన్ని అధికార దాహం అనుకోకండి. చాలాసార్లు కారణాలు మామూలువే. బ్యాంకు అప్పులకి ఆయన సొంత పూచీకత్తు ఇంకా ఉంది. ఆయన ఆదాయం ఈ వ్యాపారం మీదే ఆధారపడి ఉంది. రేపు పొద్దున లేచి ఏం చేయాలో ఆయనకి తోచదు, ఎవరూ అడగలేదు కూడా. ఇల్లు తాకట్టులో ఉన్న మనిషి నిశ్చింతగా పక్కన కూర్చోలేడు కదా.

ముందు ఆ పూచీకత్తు నుంచి ఆయనని విడిపించండి, వ్యాపారంతో సంబంధం లేని ఆదాయం ఏర్పాటు చేయండి. తర్వాత అధికారాలని విడతలుగా, తేదీలతో మార్చండి: మొదట చెక్కుల సంతకం, ఆ తర్వాత నియామకాలు, చివరగా కొత్త పెట్టుబడులు. పాత కస్టమర్ ఆయనకే ఫోన్ చేస్తే 'అమ్మాయితో మాట్లాడండి' అని ఫోన్ ఆమెకిచ్చే అలవాటు ఆయనకి రావాలి. దానికి టైమ్ పడుతుంది, ఇవ్వండి.

హఠాత్తుగా ఏదైనా జరిగితే? ధీరూభాయ్ అంబానీ 2002లో వీలునామా రాయకుండానే పోయారు. కొడుకుల మధ్య తగవు 2005లో తల్లి కుదిర్చిన పంపకంతో గానీ తేలలేదు. వీలునామాతో పాటు ఇంకో కాగితం కూడా ఉండాలి: రెండో సంతకం ఎవరిది, అప్పులు ఎక్కడెక్కడ ఉన్నాయి, పాస్‌వర్డులు ఎవరి దగ్గర, మొదటి మూడు నెలలు నడిపేదెవరు. దీనికి ఒక్క సాయంత్రం చాలు.

సమస్య 6: ఒకరు బయటికి పోతామంటున్నారు

వెళ్లే దారి లేనివాడు ప్రతి నిర్ణయానికీ అడ్డం పడతాడు, లేదా కోర్టుకెళ్తాడు, లేదా వాటా బయటివాళ్లకి అమ్ముతాడు. ఇటలీ ఫ్యాషన్ కంపెనీ గూచీని నడిపిన కుటుంబంలో తగాదాల మధ్య వాటాలు ఒక్కొక్కటిగా ఇన్వెస్ట్‌కార్ప్ అనే పెట్టుబడి సంస్థకి చేరాయి. 1993లో మౌరిజియో గూచీ తన వాటా కూడా అమ్మేయడంతో, తమ పేరుతో నడిచే కంపెనీలో ఆ కుటుంబానికి ఏమీ మిగల్లేదు.

ఎవరూ వెళ్లాలనుకోని రోజునే ఒప్పందం రాసుకోండి. అప్పుడు అమ్మేది తానో కొనేది తానో ఎవరికీ తెలియదు కాబట్టి ధర న్యాయంగా కుదురుతుంది. విలువ కట్టే పద్ధతి, కట్టే బయటి నిపుణుడిని ఎంచుకునే తీరు, మిగతా వాటాదారులకే మొదటి హక్కు, డబ్బు ఎన్ని వాయిదాల్లో ఇవ్వాలి: ఈ నాలుగూ తప్పనిసరి. వాయిదాల మాట మరిచిపోతే ఒకరికి వాటా ఇవ్వడానికే వ్యాపారం అమ్ముకోవాల్సి రావచ్చు.

సమస్య 7: బోర్డు మీటింగ్ పేరుకే, నిర్ణయాలన్నీ ఇంట్లోనే

ఇంటి మాటలకి వేరే వేదిక లేక అన్నీ ఒకేచోట కలిసిపోతున్నాయి. రెండు వేదికలు పెట్టుకోండి. కుటుంబ మండలిలో వారసత్వం, పిల్లల ఉద్యోగ నియమాలు, ఇంటి నిధి. బోర్డులో వ్యాపారం, అందులో కనీసం ఇద్దరు బయటివాళ్లు. ఆ ఇద్దరూ మీ స్నేహితులో, మీ నుంచి ఫీజు తీసుకునే ఆడిటరో అయితే లాభం లేదు. 1668 నుంచి సాగుతున్న జర్మనీ మెర్క్ కంపెనీలో సుమారు 70 శాతం వాటా ఇప్పటికీ ఆ కుటుంబానిదే. కుటుంబ మండలి ఒక భాగస్వాముల మండలిని ఎన్నుకుంటుంది, అందులో కుటుంబ సభ్యులతో పాటు బయటి నిపుణులూ ఉంటారు.

ఏది ముందు?

చాలామంది పెద్ద కన్సల్టెంట్‌ని పెట్టి కుటుంబ రాజ్యాంగం, అంటే ఇంటి నియమాలన్నీ ఉండే పత్రం, రాయించడంతో మొదలుపెడతారు. నేనైతే వద్దంటాను. మొదటి సమస్యలోని ఖాతాలు విడదీయండి, అత్యవసర కాగితం రాయండి, ఆ తర్వాత జీతాలు, డివిడెండ్ల నియమం. ఏడాది పాటు ఇవి పాటించగలిగిన కుటుంబం రాసుకునే రాజ్యాంగం బీరువాలో పడి ఉండదు.

ఇప్పటికే లాయర్ నోటీసులు నడుస్తుంటే ఈ వరుస పనికిరాదు. ముందు ఆరు నెలల పాటు వాటాల బదిలీ, కొత్త అప్పులు, ఆస్తుల అమ్మకం ఆపుతామని అందరూ సంతకం పెట్టండి. ఇరువైపులా నమ్మే మధ్యవర్తిని పెట్టుకుని, అతనికి లెక్కలన్నీ తెరిచి చూపండి. జీతాలు, సరఫరాదారుల చెల్లింపులు మాత్రం ఒక్కరోజు కూడా ఆగకూడదు.